ఎక్స్‌పీ-80లో ఫ్లాపీ డ్రైవ్ తీసేసి గోటెక్ పెట్టడం: చేసినవాళ్ళు కాస్త చెప్పండి

గోదావరి_కీస్ (రాజమండ్రి)

అందరికీ నమస్తే. మా బాబాయి ఆర్కెస్ట్రాలో వాయించిన రోలాండ్ ఎక్స్‌పీ-80 కీబోర్డు ఈమధ్యే నా చేతికొచ్చింది. కీస్ బాగానే ఉన్నాయి, డిస్‌ప్లే కాస్త మసకేసింది గానీ కనిపిస్తోంది, సౌండ్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. బాధంతా ఫ్లాపీ డ్రైవ్‌తోనే. డిస్క్ పెడితే గర్రుమని తిరుగుతుంది, ఓ నాలుగుసార్లు టక్ టక్ అంటుంది, ఎర్రర్ ఇస్తుంది. ఎప్పుడో మూడ్ బాగుంటే ఒక ఫైల్ చదువుతుంది.

దాంతోపాటు ఒక చెప్పుల డబ్బా నిండా ఫ్లాపీలు కూడా వచ్చాయి. లేబుళ్ళ మీద బాబాయి రాత: "పెళ్ళి సెట్ 1", "భక్తి", "మెలోడీ కొత్తవి", "దసరా – ముట్టుకోవద్దు". ఎక్స్‌పీ కంటే ముందు ఆయన దగ్గర ఇంకో పాత వర్క్‌స్టేషన్ (పాటలు రికార్డు చేసి దాచుకునే కీబోర్డు) ఉండేదట, దాని డిస్కులు కూడా ఇందులోనే కలిసిపోయాయి. ఏది దేనిదో ఆయనకే గుర్తులేదు.

ఫ్లాపీ డ్రైవ్ స్థానంలో గోటెక్ అని ఒకటి పెడితే పెన్‌డ్రైవ్‌తో నడుస్తుందని యూట్యూబ్‌లో చూశాను. ఇది నేనే ఇంట్లో చేసుకోగలనా, మెకానిక్‌కి ఇవ్వాలా? సోల్డరింగ్ అంటే నాకు భయం లేదు, ఆంప్లిఫయర్ కిట్లు కట్టిన చెయ్యే.

---

పీఎస్ఆర్_బాబు (ఖమ్మం)

బ్రో, ఇందులో ఏం లేదు. నా యమహా పీఎస్ఆర్-740కి పెట్టించి చాలా కాలమైంది. పాత డ్రైవ్ తీశాం, గోటెక్ పెట్టాం, అదే రిబ్బన్ కేబుల్, అదే పవర్ కనెక్టర్. పెన్‌డ్రైవ్‌ని వాళ్ళ సాఫ్ట్‌వేర్‌తో ఫార్మాట్ చేస్తే వంద ఫ్లాపీలుగా విడిపోతుంది, ముందున్న రెండు బటన్లతో 000 నుంచి 099 దాకా ఏది కావాలంటే అది. లోపలి ప్రోగ్రాం, అదే ఫర్మ్‌వేర్ గిర్మ్‌వేర్ ఏమీ మార్చలేదు. స్టైల్స్ అన్నీ అందులోనే. సోల్డరింగ్ కూడా అక్కర్లేదు, ఆర్డర్ పెట్టేయ్.

---

టంకం (హైదరాబాద్)

తమ్ముడూ, ఆర్డర్ పెట్టుకో, కాదనను. కానీ స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఆ చెప్పుల డబ్బా సంగతి చూడు. నా దగ్గరికి వచ్చే కీబోర్డుల్లో ప్రతిసారీ ఇదే వరస: డ్రైవ్ మార్చమంటారు, మారుస్తాం, పెన్‌డ్రైవ్ పెట్టుకుంటారు, ఆ తర్వాత "అన్నా మరి మా పాత పాటలు?" అని ఫోను. డ్రైవ్ ఇంకోటి దొరుకుతుంది. మీ బాబాయి చేసిన సీక్వెన్సులు (రికార్డు చేసి పెట్టుకున్న పాటలు) ఆ అయస్కాంతపు పొర మీద తప్ప ఇంకెక్కడా లేవు. 3.5 అంగుళాల ఫ్లాపీ అమ్మకాలు సోనీ జపాన్‌లోనే 2011 మార్చిలో ఆపేసింది, నీ దగ్గరున్నవి దాదాపు అన్నీ అంతకంటే పాతవే అయ్యుంటాయి.

ముందు ఒక్కో డిస్క్ తీసుకుని షట్టర్ పక్కకి జరిపి, వెనక మధ్యలో ఉన్న లోహపు బిళ్ళని వేలితో మెల్లగా తిప్పుతూ లైటు కింద చూడు. నల్లటి పొర మీద తెల్లని చుక్కలో బూడిదరంగు మచ్చలో కనిపిస్తే అది బూజు. గోదావరి పక్కన ఊరు కదా, ఖచ్చితంగా ఉంటుంది. అలాంటి డిస్క్‌ని డ్రైవ్‌లో పెట్టావంటే ఆ బూజు హెడ్‌కి అంటుకుంటుంది, తర్వాత పెట్టిన మంచి డిస్క్‌ని కూడా గీకేస్తుంది. ఆ డ్రైవ్ అంత గోల చేస్తోందంటే ఇది ఇప్పటికే జరిగి ఉండొచ్చు. కాబట్టి ఇంకేమీ అందులో పెట్టకు.

బూజు ఉన్నవి పక్కన పెట్టు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి గుడ్డ తడిపి, రెండు వైపులా, తిప్పుతూ తుడవాలి. ఆరాక ఒక్కసారి చదివించి ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి నకలు ఫైలు, తీసుకోవాలి. అంతేగానీ ఆ డిస్క్‌ని మళ్ళీ వాడుకోవాలని ఆశపడొద్దు.

---

గోదావరి_కీస్

అన్నా ఇప్పుడే చూశాను, "భక్తి" మీద నిజంగానే తెల్ల మచ్చలు ఉన్నాయి. "దసరా" మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. ఇమేజ్ అంటే ఎలా తీయాలి? నా ల్యాప్‌టాప్‌కి ఫ్లాపీ లేదు కదా.

---

టంకం

సికింద్రాబాద్ పార్క్‌లేన్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత సామాన్ల షాపుల్లో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ అడుగు, లేదా ఆన్‌లైన్‌లో. అది 720 కేబీ, 1.44 ఎంబీ రెండు రకాలూ చదువుతుంది. డిస్క్ కంప్యూటర్‌లో పెడితే ఫైళ్ళ పేర్లు కనిపిస్తే డాస్ ఫార్మాట్ (కంప్యూటర్లు వాడే ఫార్మాట్) అన్నమాట, పని సులువు. ఫైళ్ళు కాపీ చేసుకోవడంతో ఆపకుండా డిస్క్ మొత్తాన్ని ఒక ఇమేజ్ ఫైలుగా తీయి. లినక్స్ ఉంటే డీడీరెస్క్యూ వాడు, చదవలేని చోట ఆగిపోకుండా ముందుకెళ్ళి, మిగతాదంతా భద్రం చేసుకున్నాక మళ్ళీ వెనక్కొచ్చి ఆ చెడిన సెక్టార్ల (డిస్క్ మీద డేటా ఉండే చిన్న ముక్కల) మీద ప్రయత్నిస్తుంది. మామూలు కాపీ అయితే మొదటి ఎర్రర్‌కే చేతులెత్తేస్తుంది.

తీశాక ఫైల్ సైజు చూసుకో. 1.44 అయితే సరిగ్గా 14,74,560 బైట్లు, 720 అయితే 7,37,280 బైట్లు ఉండాలి. ఒక్క బైట్ తేడా వచ్చినా సగంలో ఆగిందని అర్థం.

---

కొత్తకీబోర్డ్ (గుంటూరు)

ఎవరూ ఏమీ అనుకోరంటే ఒక మాట. ఇంత తంటాలు ఎందుకండీ? ఇప్పుడు వచ్చే కీబోర్డులన్నిటికీ యూఎస్‌బీ ఉంది, ఇండియన్ టోన్స్ లోడ్ చేసి మరీ ఇస్తున్నారు. ఎక్స్‌పీ-80 వచ్చింది 1996లో. దాని మీద పెట్టే ఖర్చు, టైమ్, టెన్షన్ చూస్తే అమ్మేసి కొత్తది కొనుక్కోవడం మేలు.

---

చర్చి_కీస్ (నెల్లూరు)

@కొత్తకీబోర్డ్ మీరన్నది తప్పేం కాదు, కొనే స్తోమత ఉన్నవాళ్ళకి. మా చర్చిలో ఇప్పటికీ ఎక్స్‌పీ-60 నడుస్తోంది. దాని స్ట్రింగ్స్ ప్యాడ్‌కి అలవాటుపడ్డ చెవులు కొత్తవాటిని ఒప్పుకోవట్లేదు, పాస్టర్ గారే "పాతది తీయొద్దు బాబూ" అంటారు. పైగా గోటెక్ ఖర్చెంత, నేను కొన్నప్పుడు రెండువేల లోపే. కొత్త వర్క్‌స్టేషన్ అంటే లక్ష పైమాట. ఆ రెండువేలకి ఇంకో పదేళ్ళు నడిస్తే చేదా?

---

కొత్తకీబోర్డ్

చేదు కాదులెండి. నేను ల్యాప్‌టాప్ మీద వాయించేవాణ్ణి, అందుకే అలా అనిపించింది.

---

డాలస్_శాంప్లర్ (టెక్సస్)

ఇక్కడ నా దగ్గర ఎన్సోనిక్ ఏఎస్ఆర్-10 ఒకటి, అకాయ్ ఎస్950 ఒకటి ఉన్నాయి, రెండిటికీ గోటెక్ పెట్టాను కాబట్టి ఇంకో కోణం చెప్తాను. పీఎస్ఆర్_బాబు గారు చెప్పింది డాస్ ఫార్మాట్ వాడే కీబోర్డులకి సరిపోతుంది. కానీ ఈ శాంప్లర్లు (రికార్డు చేసిన శబ్దాలని వాయించే వాద్యాలు) డాస్‌ని పట్టించుకోవు. మామూలు 720 డిస్క్‌లో ట్రాక్‌కి (డిస్క్ మీద ఒక్కో చుట్టుకి) 512 బైట్ల సెక్టార్లు 9 ఉంటాయి కదా, ఎన్సోనిక్ ఈపీఎస్ వాళ్ళు అందులోనే 10 ఇరికించి 800 కేబీ చేశారు. అకాయ్ వాళ్ళేమో 1024 బైట్ల సెక్టార్లు 5 పెట్టారు, అదీ 800 కేబీయే, కానీ దీనికీ దానికీ పొత్తు కుదరదు. అంతకుముందు 1984లో వచ్చిన ఎన్సోనిక్ మిరాజ్ అయితే మరీ విచిత్రం: ఒకే వైపు రాస్తుంది, ట్రాక్‌కి 1024వి 5, చివర్లో 512ది ఒక్కటి, మొత్తం కలిపి 440 కేబీ. గోటెక్ కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్‌కి ఇవేవీ అర్థం కావు. అది ఎంబ్రాయిడరీ మిషన్లు, ఫ్యాక్టరీ మిషన్ల లాంటి వాటికోసం చేసిన సరుకు.

అందుకే ఫ్లాష్‌ఫ్లాపీ వేసుకోవాలి. కీర్ ఫ్రేజర్ అనే ఆయన రాసిన ఫర్మ్‌వేర్, పూర్తిగా ఉచితం, సోర్స్ కూడా తెరిచి పెట్టారు. పెన్‌డ్రైవ్ మామూలు ఫ్యాట్32లో ఉంటే చాలు, ఇమేజ్ ఫైళ్ళు ఫోల్డర్లుగా పెట్టుకోవచ్చు. ఎఫ్‌ఎఫ్.సీఎఫ్‌జీ అనే చిన్న టెక్స్ట్ ఫైల్లో "హోస్ట్" అన్న చోట ఎన్సోనిక్ అనో అకాయ్ అనో రాస్తే ఆ లెక్కలన్నీ అదే చూసుకుంటుంది. దీనికంటే ముందు నుంచీ ఫ్రాన్స్ నుంచి వచ్చిన హెచ్‌ఎక్స్‌సీ ఉంది, అదీ గట్టిదే, కానీ గోటెక్ మీద వేసుకోవాలంటే లైసెన్స్ కొనాలి.

ఇలాంటి డిస్కులు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లో చదవవు. దానికి గ్రీస్‌వీజల్ అని ఒక చిన్న బోర్డు ఉంది, అదీ ఆ ఫ్రేజర్ గారిదే. పాత డెస్క్‌టాప్ ఫ్లాపీ డ్రైవ్‌ని దానికి తగిలించి యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపితే సెక్టార్లతో పనిలేకుండా డిస్క్ మీద అయస్కాంతపు మార్పులని నేరుగా చదివేస్తుంది. ఫార్మాట్ ఏమిటో తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. బాబాయి గారి పాత వర్క్‌స్టేషన్ డిస్కులకి ఇది అవసరం పడొచ్చు.

---

గోదావరి_కీస్

యూఎస్‌బీ డ్రైవ్ వచ్చింది. ఎక్స్‌పీ డిస్కులు దాదాపు అన్నీ చదివింది, ఫైళ్ళ పేర్లు కనిపిస్తున్నాయి, ఇమేజ్‌లు తీసేశాను. "దసరా" అక్షరం పొల్లు పోకుండా వచ్చింది. "మెలోడీ కొత్తవి"లో కొన్ని సెక్టార్లు పోయాయి.

పాత వర్క్‌స్టేషన్ డిస్కులు మాత్రం ఒక్కటీ చదవట్లేదు. పెట్టగానే ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతోంది. వద్దు అని కొట్టి తీసేశాను. ఇంకో విచిత్రం, ఈ డిస్కుల్లో చాలావాటికి మూలన ఉన్న చిల్లు మీద సెల్లోటేప్ అతికించి, కొన్నిటికి అది ఊడిపోయి జిగురు మాత్రం మిగిలి ఉంది. ఎందుకో అర్థం కాలేదు.

---

టంకం

హహహ, ఆ టేప్‌లోనే ఉంది కిటుకు. మీ బాబాయి తెలివైనవాడు.

3.5 డిస్క్‌కి రెండు మూలల్లో రెండు చిల్లులు ఉంటాయి. ఒకటి రాయకుండా ఆపడానికి, దానికి జరిపే పలక ఉంటుంది. రెండోది ఊరికే తెరిచి ఉంటుంది, అది ఉంటే 1.44 డిస్క్, లేకపోతే 720 డిస్క్ అని లెక్క. పాత కీబోర్డులు 720 మాత్రమే రాసేవి. 720 డిస్కులు బజార్లో దొరకడం మానేశాక అందరూ 1.44 డిస్క్ కొని, ఆ చిల్లుకి టేప్ వేసి 720గా ఫార్మాట్ చేసుకునేవాళ్ళు. ఇప్పుడు టేప్ ఊడిన డిస్క్‌ని నీ యూఎస్‌బీ డ్రైవ్‌లో పెడితే చిల్లు కనిపించి "ఓహో 1.44" అనుకుని ఆ వేగంతో చదవబోతుంది, లోపలున్నది 720 కాబట్టి దానికి చెత్తలా కనిపిస్తుంది, ఫార్మాట్ చేయమంటుంది.

చిల్లుకి రెండు వైపులా మందపాటి నల్ల టేప్ వెయ్యి, పారదర్శకమైనది వద్దు, కొన్ని డ్రైవ్‌లు కాంతితో చూస్తాయి. మళ్ళీ ప్రయత్నించు. రాకపోతే అప్పుడు గ్రీస్‌వీజల్ గురించి ఆలోచిద్దాం. ఇంకో సంగతి, 1.44 పొర మీద 720 రాత బలంగా పట్టదు, అందుకే ఇలాంటివే ముందు చెరిగిపోతాయి. వీటిని ముందు తీసుకోవాల్సింది.

---

గోదావరి_కీస్

వచ్చాయి అన్నా!! నల్ల ఇన్సులేషన్ టేప్ వేశాను, సగానికి పైగా చదివాయి. బాబాయికి ఫోన్ చేసి "శివరంజని ట్రాక్ దొరికింది" అంటే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "టెంపో ఎంత పెట్టానో చూడు" అన్నాడు.

సరే ఇప్పుడు గోటెక్ చేతిలో ఉంది, ఎక్స్‌పీ ఇంకా విప్పలేదు. విప్పే ముందు తెలుసుకోవాల్సినవి ఉంటే చెప్పండి. ఇంకో డౌట్: పాత కంప్యూటర్‌లోంచి తీసిన ఫ్లాపీ డ్రైవ్ ఒకటి ఫ్రీగా దొరికింది, గోటెక్ బదులు అదే పెట్టేస్తే?

---

వోల్టేజ్_వైజాగ్ (విశాఖపట్నం)

విప్పే ముందు వెనక ప్లేట్ మీద వోల్టేజ్ చదువు. ఓడల్లో పనిచేసేవాళ్ళు జపాన్ నుంచి తెచ్చిన కీబోర్డులు మా ఊళ్ళో బోలెడు, అవి 100 వోల్టులవి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230లో పెట్టి పవర్ సప్లై కాల్చుకున్నవాళ్ళని చూశాను. నీది ఇన్నాళ్ళూ ఇక్కడే నడిచింది కాబట్టి ఫర్వాలేదనుకుంటా, కానీ ఈ చర్చ చదివి సెకండ్‌హ్యాండ్‌లో కొనబోయేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. ప్లగ్ పీకేశాక కూడా పవర్ బోర్డు మీద పెద్ద కెపాసిటర్ల జోలికి వెంటనే వెళ్ళొద్దు.

---

టంకం

ఎక్స్‌పీ-80 విప్పుతున్నావంటే రెండు పనులు కలిపి చేసుకో.

ఒకటి, లోపల సీఆర్2032 నాణెం బ్యాటరీ ఉంటుంది. యూజర్ ప్యాచ్‌లు (మనం చేసి దాచుకున్న సౌండ్లు) దాని మీదే బతుకుతున్నాయి. అది తీసిన క్షణం అవి పోతాయి. కాబట్టి ముందు మిడి కేబుల్‌తో కంప్యూటర్‌లోకి బల్క్ డంప్ (ఆ ప్యాచ్‌లన్నిటి కాపీ) తీసి పెట్టుకో, డ్రైవ్ చెడింది కదా, ఫ్లాపీ మీద సేవ్ చేయడాన్ని నమ్ముకోకు.

రెండు, కీస్ కింద చూడు. ఈ మోడల్లో కీల లోపలి బరువులని ఎర్రటి జిగురుతో అతికించారు. ఏళ్ళు గడిచేసరికి అది కరిగి బెల్లప్పాకంలా కారుతుంది, మన ఎండలకి మరీ త్వరగా. కాంటాక్టుల మీద పడిందంటే కీస్ ఒక్కోటీ మూగబోతాయి. ఇప్పుడే కనిపెడితే శుభ్రం చేయొచ్చు.

ఇక నీ ఫ్రీ డ్రైవ్. పెట్టొచ్చు, పనిచేయదు. ఎందుకో చెప్తా, ఇది అర్థమైతే గోటెక్ సెట్టింగ్ కూడా అర్థమవుతుంది.

రిబ్బన్‌లో 34 పిన్నులు. కీబోర్డులో డ్రైవ్‌ని నడిపే కంట్రోలర్ "ఒకటో డ్రైవ్, నువ్వు పలుకు" అని ఒక పిన్ మీద పిలుస్తుంది, "రెండో డ్రైవ్" అని ఇంకో పిన్ మీద. కంప్యూటర్ డ్రైవ్‌లన్నీ రెండోదానిగా ఫ్యాక్టరీలోనే బిగించేసి ఉంటాయి, కంప్యూటర్ కేబుల్ మధ్యలో మెలిక ఉండేది అందుకే. కీబోర్డుల్లో మెలిక ఉండదు, చాలావరకు ఒకటో డ్రైవ్‌నే పిలుస్తాయి. కంప్యూటర్ డ్రైవ్‌కి ఆ పిలుపు వినపడదు. గోటెక్ వెనక ఎస్0, ఎస్1 అని జంపర్లు (రెండు పిన్నులని కలిపే చిన్న తొడుగులు) ఉన్నాయే, అవి దీనికే. ముందు ఎస్0 పెట్టి చూడు.

ఆ తర్వాత అసలు పేచీ 34వ పిన్ దగ్గర. కంప్యూటర్ డ్రైవ్ ఆ పిన్ మీద "డిస్క్ మార్చారు" అనే కబురు పంపుతుంది. చాలా సింథ్‌లు, శాంప్లర్లు అదే పిన్ మీద "డిస్క్ ఉంది, తిరుగుతోంది, రెడీ" అనే కబురు కోసం చూస్తుంటాయి. ఆ కబురు రాదు, కీబోర్డు ఎంతసేపైనా కూర్చుంటుంది, చివరికి డిస్క్ లేదంటుంది. ఫ్లాష్‌ఫ్లాపీలో "ఇంటర్‌ఫేస్" అన్న లైన్ ఉంది. షుగార్ట్ అని పెడితే 34 మీద రెడీ పంపుతుంది, ఐబీఎంపీసీ అని పెడితే డిస్క్ మార్పు కబురు పంపుతుంది.

2వ పిన్ కూడా ఉంది. 720, 1.44 రెండూ వాడే కీబోర్డుల్లో కొన్ని, లోపలున్నది ఏ రకమో డ్రైవ్‌నే అడుగుతాయి. ఆ చిల్లు చూసి డ్రైవ్ 2వ పిన్ మీద చెప్పాలి. గోటెక్‌లో చిల్లు ఎక్కడిది, అందుకే "హెచ్‌డీఅవుట్" అని ఉన్న ఇంటర్‌ఫేస్ రకాలు వేరేగా ఇచ్చారు. 720 ఇమేజ్ చదివి 1.44 ఇమేజ్ చదవకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఏది పెట్టాలో ఊహించొద్దు. పాత డ్రైవ్ తీశాక కింద స్టిక్కర్ మీద మోడల్ నంబర్ మొత్తం, చివరి తోక అంకెలతో సహా ఫొటో తీసుకో. టీయాక్ ఎఫ్‌డీ-235హెచ్‌ఎఫ్ అనే ఒక్క పేరు కిందే తోక మారితే పిన్నుల లెక్క మారే రకాలు బోలెడు. డేటాషీట్ దొరికితే 2, 34 ఏం చేస్తున్నాయో అందులోనే ఉంటుంది. ఫ్లాష్‌ఫ్లాపీ వికీలో కూడా మోడల్ వారీగా జనం పెట్టిన సెట్టింగులు ఉన్నాయి.

---

పీఎస్ఆర్_బాబు

అన్నా నేను ఇన్నేళ్ళు వాడుతూ ఇవేవీ తెలియకుండానే బతికేశాను 😀

---

టంకం

నీకు పెట్టినవాడికి తెలుసులే.

---

చర్చి_కీస్ (నెల్లూరు)

స్టేజి మీద వాడేవాళ్ళ కోసం నా వైపు నుంచి.

మామూలు పొడవాటి పెన్‌డ్రైవ్ పెట్టొద్దు, ముందుకు పొడుచుకుని ఉంటుంది, ఎవడో ఒకడు మైక్ స్టాండ్ జరుపుతూ తగిలిస్తాడు, పెన్‌డ్రైవ్‌తోపాటు గోటెక్ లోపలి సాకెట్ కూడా ఊగిపోతుంది. గోరంత ఉండే బుల్లి పెన్‌డ్రైవ్‌లు వస్తాయి, అవి వాడండి. 64 జీబీ కొనకండి, దండగ. 1.44 ఇమేజ్‌లు వెయ్యి పెట్టినా ఒకటిన్నర జీబీ కూడా దాటదు. రెండు పెన్‌డ్రైవ్‌లలో ఒకేలా కాపీ చేసి ఒకటి కేస్‌లో పడేసి ఉంచండి.

మూడంకెల డిస్‌ప్లే తీసేసి చిన్న ఓలెడ్ తెర, తిప్పే నాబ్ పెట్టుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. చీకట్లో "037లో ఏ పాట ఉందిరా" అని చీటీ వెతుక్కునే బాధ తప్పి, తెర మీద ఫైల్ పేరే కనిపిస్తుంది. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా పెట్టండి, ఆ తెర మీద తెలుగు రాదు. నాబ్ కోసం ప్లాస్టిక్ ముందుభాగానికి చిల్లు వెయ్యాలి, కీబోర్డుకి కాదు, గోటెక్ డబ్బాకి.

సేవ్ కొట్టగానే పవర్ ఆపొద్దు, పెన్‌డ్రైవ్ పీకొద్దు. ఫ్లాపీకి లైటు ఆరేదాకా ఆగినట్టే దీనికీ ఆగాలి.

---

గోదావరి_కీస్

చర్చి_కీస్ గారూ, ఫర్మ్‌వేర్ ఎలా వేశారు? నా గోటెక్ బోర్డు మీద చిప్ పేరు ఏటీ32 అని మొదలవుతోంది, వీడియోల్లో అందరూ ఎస్‌టీఎం32 అంటున్నారు.

---

డాలస్_శాంప్లర్

పాత గోటెక్‌లు ఎస్‌టీఎం32ఎఫ్105తో వచ్చేవి, తర్వాత వాటి స్థానంలో ఆర్టెరీ కంపెనీ ఏటీ32 చిప్‌లు వచ్చాయి. ఫ్లాష్‌ఫ్లాపీ రెండిటిమీదా నడుస్తుంది, మొదటిసారి ఎక్కించే పీసీ టూల్ మాత్రం వేరు, ఎస్‌టీఎం వీడియో చూసి ఏటీ32 మీద చేయబోతే కంప్యూటర్‌కి అది కనిపించదు. ఆర్టెరీ వాళ్ళ ప్రోగ్రామర్ దించుకో. రెండు వైపులా పెద్ద యూఎస్‌బీ ఉండే కేబుల్ ఒకటి కావాలి. ఇది చేసేటప్పుడు గోటెక్‌ని కీబోర్డుకి తగిలించి ఉంచకు.

ఒక్కటి తెలిసి చెయ్యి: చిప్‌కి ఫ్యాక్టరీ తాళం ఉంటుంది, తాళం తీయగానే కంపెనీ ఫర్మ్‌వేర్ చెరిగిపోతుంది, వెనక్కి తెచ్చుకోలేవు. తెచ్చుకోవాలని నీకు అనిపించదు కూడా. ఒకసారి ఎక్కాక తర్వాతి అప్‌డేట్లకి కేబుల్ అక్కర్లేదు. కొత్త ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసి, రెండు బటన్లూ నొక్కి పట్టుకుని పవర్ ఇస్తే అదే వేసుకుంటుంది.

---

పాతసౌండు (వరంగల్)

అందరూ టెక్నికల్‌గా వాయించేస్తున్నారు గానీ, ఆ ఫ్లాపీ చప్పుడు లేకుండా పాత కీబోర్డు ఏం బాగుంటుందండీ. ప్రోగ్రాం మొదలయ్యే ముందు లైట్లు ఆరాక ఆ టక్ టక్ టక్ వింటే, "లోడ్ అవుతోంది, ఇంకో రెండు మాటలు మాట్లాడు" అని యాంకర్‌కి సైగ చేసేవాళ్ళం.

---

డాలస్_శాంప్లర్

@పాతసౌండు దానికీ మందుంది. గోటెక్‌లో చిన్న బజర్ పెట్టుకుంటే ట్రాక్ మారినప్పుడల్లా టక్ మంటుంది, ఎంత గట్టిగా అనాలో కూడా సెట్టింగ్ ఉంది. నేను నా ఏఎస్ఆర్‌కి పెట్టుకున్నాను. మా ఆవిడకి మాత్రం నచ్చలేదు.

---

గోదావరి_కీస్

పెట్టేశాను. ఏం జరిగిందో వరసగా రాస్తాను, తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది.

మిడి నుంచి డంప్ తీసుకున్నాకే మూత తీశాను. ఎర్ర జిగురు అక్కడక్కడా మెత్తబడింది గానీ ఇంకా కారలేదు, అది వేరే రోజు పని. బ్యాటరీ మార్చాను. పాత డ్రైవ్ తీసి స్టిక్కర్ ఫొటో తీసుకున్నాను. రిబ్బన్‌కి ఎర్ర గీత లేదు, ఒకటో పిన్ ఎటో తెలియలేదు, అందుకని తీసే ముందే కేబుల్ ఎలా ఉందో మార్కర్‌తో గీత పెట్టుకున్నాను.

గోటెక్ స్క్రూ చిల్లులు పాత బ్రాకెట్‌కి సరిపోయాయి. కానీ ముందు పలక రెండు మూలల్లో కొంచెం ఆనింది, ఆకురాయితో అరగదీశాను. ఎస్0 జంపర్, స్టిక్కర్ నంబర్ పట్టుకుని డేటాషీట్‌లో చూసిన ప్రకారం ఇంటర్‌ఫేస్ లైన్. పవర్ ఆన్ చేసి, "దసరా" ఇమేజ్ ఎంచుకుని, లోడ్ కొట్టగానే పాటల లిస్ట్ వచ్చేసింది. గర్రుమన్న చప్పుడు లేదు, ఆగడం లేదు. మొదట నమ్మలేక మళ్ళీ వేరే ఇమేజ్ పెట్టి చూశాను.

పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఇమేజ్‌లు కూడా కొన్ని వేశాను, కొత్తవి సేవ్ చేయడానికి. సేవ్ చేసి, పవర్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి, లోడ్ చేసి చూశాను, ఉంది.

పాత వర్క్‌స్టేషన్ డిస్కులు ఎక్స్‌పీ తీసుకోదు కదా, వాటి ఇమేజ్‌లు ఊరికే దాచి పెట్టాను. ఎప్పుడైనా ఆ మోడల్ దొరికితే చూద్దాం.

---

ఆర్కెస్ట్రా_అబ్బాయి (ఏలూరు)

అన్నా, ఆ "పెళ్ళి సెట్", టోన్స్ అన్నీ ఒక లింక్‌లో పెడతావా? నాదీ ఎక్స్‌పీయే.

---

గోదావరి_కీస్

బాబాయి సొంతంగా చేసిన సీక్వెన్సులు ఆయన్ని అడిగి పెడతాను, ఒప్పుకుంటాడనే అనుకుంటున్నా. టోన్స్‌లో కొన్ని అప్పట్లో ఆయన డబ్బులిచ్చి కొన్నవట, అవి చేసినవాళ్ళు ఇప్పటికీ అమ్ముకుంటున్నారేమో. అవి మాత్రం పెట్టలేను తమ్ముడూ.

---

వోల్టేజ్_వైజాగ్

ఇది సరైన పద్ధతి.

---

మైనర్_స్కేల్ (తెనాలి)

ఆలస్యంగా చూశాను. నా దగ్గర రోలాండ్ ఎస్-10 శాంప్లర్ ఉంది, దాని డిస్కులు మామూలు ఫ్లాపీ కంటే చిన్నగా ఉన్నాయి. దానికీ ఇదే గోటెక్ పెట్టుకోవచ్చా?

---

టంకం

కుదరదు. అది క్విక్ డిస్క్, 2.8 అంగుళాలది, అకాయ్ ఎస్612కి పక్కన పెట్టే డ్రైవ్‌లో వాడేదీ అదే. అందులో ట్రాకులు విడివిడిగా ఉండవు, గ్రామఫోన్ రికార్డులా మొదటి నుంచి చివరి దాకా ఒకటే చుట్టు. కంట్రోలర్ మాట్లాడే భాషే వేరు, గోటెక్ తగిలించే దారి లేదు. కానీ ఒక మంచి కబురు, వాటిలో చాలావరకు చెడిపోయేది లోపలి రబ్బర్ బెల్ట్. సాగిపోతుంది, లేదా తారులా కరిగిపోతుంది. మూత తీసి పుల్లీ మీద నల్లటి జిగురు ఉందేమో చూడు. ఉంటే ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, అదే చుట్టుకొలత బెల్ట్ వెయ్యాలి. హైదరాబాద్ వచ్చే పని ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో పాత టేప్‌రికార్డర్ బెల్టులు అమ్మేవాళ్ళని అడుగు, పాత బెల్ట్ ముక్కలైనా సరే పట్టుకుని వెళ్ళు, కొలత చూసి ఇస్తారు.

---

మైనర్_స్కేల్

మూత తీశాను అన్నా. బెల్ట్ లేదు, తారే ఉంది. ఫొటో పెడుతున్నా, పుల్లీ తీయాలంటే ఈ పై స్క్రూ విప్పాలా, పక్కనున్నదా?

---

టంకం

పైది ముట్టుకోకు, అది హెడ్ అలైన్‌మెంట్‌ది కావొచ్చు. పుల్లీ తీయకుండానే ఇయర్‌బడ్‌తో తుడువు, ఓపిగ్గా. ఇంకో ఫొటో పెట్టు, కొంచెం దగ్గరగా.